వరుస మీద పడిన తాళం

మొన్న మా మనవరాలు ఫోనులో రాంచీ బస్సుకు సీటు వెతుకుతూ, ఆ సీటును వేరెవరో పట్టుకుని ఉన్నారనీ, రెండు నిమిషాల్లో దానంతటదే వదిలేస్తుందనీ హిందీలో చెప్పి, చాయ్ తెచ్చుకోవడానికి లేచి వెళ్ళిపోయింది. దానంతటదే వదిలేస్తుందన్న మాట దగ్గర నేను మాత్రం ఆగిపోయాను.

ఎనభైల చివర, మా నాన్న ఇంకా టాటానగర్ రైల్వేలో ఉండగానే, నేను ఒక కర్మాగారపు కంప్యూటరు విభాగంలో చేరాను. చెప్పులు బయట విప్పి ఆ చల్లటి గదిలోకి వెళ్ళిన రోజులు మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. స్టోర్సులోని విడిభాగాల జాబితాను డేటాబేసులోకి ఎక్కించే పని నాది. అక్కడి స్టోర్‌కీపరు మాకు చిన్నాన్న వరస. పలాస వైపు మనిషి, ఊళ్ళోనే అగ్రికో కాలనీలో ఉండేవారు, నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఏ భాగం పాడైతే దాని బదులు ఏది సరిపోతుందో ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు. వెళ్ళేలోగా అదంతా వరుసవరుసగా ఎక్కించమని ఆయన్ని కూర్చోబెట్టింది నేనే, మొత్తం అయ్యాకే భద్రం చేసే మీట నొక్కమని చెప్పిందీ నేనే. ఒకరు దిద్దుతున్న వరుసకు తాళం పడుతుందని, ఆ పని ముగిస్తేనో రద్దయితేనో తప్ప అది వదలదని పుస్తకంలో చదువుకున్నానే గాని, అలాంటి తాళానికి అవతల మనిషి నిలబడి ఉంటే ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం, పొద్దుటి నుంచీ రెండు వేళ్ళతో టైపు చేసిన చిన్నాన్న, పని సగంలో ఉండగా సరుకు చూసిరావడానికి ఊరవతల ఉన్న గమ్హరియాకు వెళ్ళారు. అంతలో ఫోర్‌మన్ పరుగున వచ్చాడు. బ్రేకును వదిలించే కాయిలు కాలి క్రేను నడిమధ్యలో ఆగిపోయిందట. డ్రైవరు దిగడానికి నిచ్చెన కూడా అందని చోట, కొలిమి వేడిలో, పైన కేబిన్‌లో చిక్కుకున్నాడు. కొత్త కాయిలు మా కళ్ళ ముందే ఉంది. కంప్యూటరు చీటీ లేనిదే గేటు దాటనివ్వరు, ఆ నియమం తీయగల అధికారి ఊళ్ళో లేరు. చీటీ కోసం మీట నొక్కితే స్క్రీను కదలలేదు. ఆ కాయిలు వరుస చిన్నాన్న పని కింద తాళం పడి ఉంది.

"దీదీ, ఆద్మీ ఊపర్ ఫసా హై," అంటున్నాడు ఫోర్‌మన్, చెమట తుడుచుకోవడం కూడా మరిచి.

ఆ ఒక్క వరుసనే విడిపించే దారి లేదు. చిన్నాన్న పనిని రద్దు చేస్తే తాళాలన్నీ ఊడతాయి, దాంతోపాటే ఆయన పొద్దుటి నుంచీ ఎక్కించినదంతా పోతుంది. శుక్లాలు ముసిరిన ఆయన కళ్ళు గుర్తొచ్చి నా వేలు ఒక్క క్షణం ఆగింది. రద్దు చేశాను. చీటీ వచ్చింది. గంట తిరక్కముందే డ్రైవరు నేల మీదికి దిగాడు.

సాయంత్రం చిన్నాన్న తిరిగొచ్చాక నిలబడే అంతా చెప్పాను. ఖాళీ స్క్రీను వైపు చూసి, ఆయన అడిగింది ఒక్కటే.

"మనిషి దిగినాడు గదా?"

దిగాడన్నాను.

"మరింకేటమ్మీ? తల నా మెడ మీదే ఉంది. కూకో, నాను సెప్తాను, నువ్వు కొట్టు."

మర్నాడే ప్రోగ్రాము మార్చాను. ఒక్కొక్క వరుస కాగానే భద్రమై, తాళం వెంటనే వదిలేసేలా. ఆపైన ఆయన రిటైరయ్యేదాకా రోజూ ఆయన చెప్పడం, నేను కొట్టడం. ప్రతి భాగానికీ ఆయన దగ్గరొక కథ ఉండేది; కర్మాగారంలో ఏ విభాగంలో ఏది విరిగింది, ఎవరు వానలో తడుస్తూ వచ్చారు, దొరకనప్పుడు దేన్ని అరగదీసి బిగించారు. నేను నంబర్లు మాత్రం ఎక్కించి, కథలు వినేసి ఊరుకున్నాను, వాటికి మా జాబితాలో చోటు లేదు గనక.

ఇప్పుడు తాళాలు రెప్పపాటులో పడి, రెప్పపాటులో వదులుతున్నాయి. ఎవరి వల్ల ఎవరు ఆగారో ఎవరికీ తెలియనవసరం లేదు. మంచిదే, ఎవరూ పైన చిక్కుకుపోరు. కాని ఎవరికోసమైనా ఆగవలసి వచ్చిన ఆ కాలంలోనే నాకు చిన్నాన్న లాంటి మనిషి పక్కన కూర్చునే అవకాశం దొరికింది. ఆయన కథల్లో ఇవాళ నాకు నాలుగైదుకు మించి గుర్తు లేవు.