గాసిరాం చెప్పిన చీల

అదేనండీ నేను చెప్పేది, అరకు కొండల్లో కాఫీ పండ్లకు తొక్క తీసే చేతిమిషను ఎక్కడైనా కనబడితే, పక్కన కొట్టి ఉన్న ఇనుప చీల మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అది పాంగి గాసిరాం ఆలోచన.

డుంబ్రిగుడ దగ్గర షెడ్డులో ఆ మిషన్లు బిగించే ఎనిమిది మందిలో గాసిరాం, అతని భార్య సొంబరి ఉండేవారు. ఒక్కో మిషనుకు పద్నాలుగు బోల్టులు. స్పానరు తిప్పీ తిప్పీ సొంబరి అరచేతులు పుండ్లయ్యాయి. చూడలేక గాసిరాం ఒకరోజు సూపర్‌వైజర్ శివప్రసాద్‌ను అడిగాడు.

"ఇన్ని బోల్టులెందుకు బాబూ? మా నాగలికి ఒక్కటీ నేదు. సీల కొట్టి బిగిత్తాం. దున్నినన్నాళ్లూ కదల్దు."

శివప్రసాద్ నవ్వాడు గానీ, సంతకొచ్చిన నాగలి ఒకటి ఫొటో తీసి పైవాళ్లకు పంపాడు. రెండు నెలల్లో కొత్త రకం వచ్చింది. ముక్కలు గాడిలో కూర్చోబెట్టి ఒక్క చీల కొడితే చాలు. గంట పని పది నిమిషాలైంది. గాసిరాంకు శాలువా కప్పారు.

ఆ వారమే ఆరుగురిని మానిపించారు. అందులో మొగుడూ పెళ్లాలిద్దరూ ఉన్నారు.

"ఇప్పుడు ఇద్దరు చాలయ్యా. నీ ఐడియాయే కదా," అన్నాడు శివప్రసాద్.

సొంబరి ఆ శాలువా పరిచి చోళ్లు, అదే రాగులు, ఆరబోసింది. "నా సేతులకి బాగా సుకం సేసినావు మావా! షెడ్డులో నా క్యారేజీ ఉండిపోనాది, అదైనా బేగెల్లి తే."

గాసిరాం గేటు దాకా వెళ్లాడు. లోపల చీలలు కొడుతున్న చప్పుడు కాసేపు విని వెనక్కి వచ్చేశాడు. మూడు సంతలు గడిచాయి. క్యారేజీ ఇంకా షెడ్డులోనే ఉంది.