పిన్ని మీద నేను చెప్పిన సాక్ష్యం

మా అన్నయ్య కూతురు శ్రీకాకుళంలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. పోయిన నెల పుస్తకాల సంచీతో నరసన్నపేటలో బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. "అత్తా, అమెరికాకి మొదట ఓడల్లో ఎల్లిన తెల్లోళ్ళు రాసుకున్నవి మాకు పాఠాలు. పేజీ తిప్పితే బైబిలే. నాకేటీ తెలవడం నేదు, నువ్వే సెప్పాల" అంది. ముప్పై ఏళ్ళు సండేస్కూలు చెప్పినదాన్ని, పొంగిపోయి పొయ్యి మీద పాల సంగతి మరిచాను. మూడు రోజులు ఆ పిల్ల తెలుగులో చెబుతుంటే, ఏ మాట ఏ అధ్యాయంలోదో నేను చూపించాను. ఆ మనుషులు నాకెంతో నచ్చారు. జ్వరం వస్తే దేవుని శిక్ష, తగ్గితే దేవుని కృప. ఒకామె ఇల్లు కాలిపోతే, ఇచ్చినవాడే తీసుకున్నాడని పద్యం రాసుకుందట. ఇంకొకామె యుద్ధంలో బందీగా అడవుల వెంట నడుస్తూ, కష్టానికొక వాక్యం వెతుక్కుందట. రోజూ తమ మనసును తామే గాలించి డైరీలు రాసేవారట.

"మనోళ్ళేనే ఈళ్ళు" అన్నాను.

"కాదత్తా. పసిపిల్లలకి బాప్తిస్మం కూడదన్నారని మన బాప్టిస్టుల్ని కొరడాతో కొట్టి తరిమేసినారు."

"ఏటీ? భక్తికి అడ్డు ఉండకూడదనే కదే సముద్రం దాటినారు?"

"ఆల భక్తికే అత్తా."

"అయితే ఆల వాక్యాలు ఆళ్ళనే ఎతుక్కోమను" అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది.

నాలుగో రోజు పాఠానికి నవ్వు రాలేదు. ఒక ఊళ్ళో కొందరు ఆడపిల్లలు ఫలానా వాళ్ళు మంత్రగత్తెలని, తమను పీడిస్తున్నారని చెబితే, పెద్దలు ఆ మాటలు నమ్మి మనుషుల్ని ఉరి తీశారట. వాళ్ళలో సంఘమంతా మెచ్చిన భక్తురాలైన ముసలామె కూడా ఉంది. "ఆ పిల్లల్లో ఒకర్తికి తొమ్మిదేళ్ళే అత్తా" అంది మేనకోడలు. "సదవకే, ఆపు" అన్నాను.

యాభై ఏళ్ళ కిందట, పిన్ని మీద సాక్ష్యం చెప్పిననాడు, నాకూ తొమ్మిదేళ్ళే. మా చిన్నాన్న పోయాక పిన్ని మా ఇంట్లోనే ఉండేది. సంఘంలో ఎవరింట బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి ఆవిడే వెళ్ళాలి. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. చెంబు అందించడం నా పని. ఆ పొగ, నూనె, పసిబిడ్డ నెత్తి కలిసిన వాసన ఇప్పటికీ గుర్తే. పోసినంతసేపూ పెదవులు కదిలిస్తూ, ఆ బిడ్డ పేరు పెట్టి ప్రార్థించేది. దగ్గర కూర్చున్న నాకు ప్రతి మాటా వినిపించేది. ఒకసారి సంఘపెద్ద మనవడికి మూడు రోజులు నీళ్ళు పోసింది. నాలుగో రోజు ఆ బిడ్డ చనిపోయాడు. పిన్ని చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని, పుకారు లేచింది. చిల్లంగిని నమ్మడం పాపమని బోధించే మా సంఘమే దాని మీద విచారణ పెట్టింది.

ఆరాధన అయ్యాక నన్ను ముందుకు పిలిచారు. "నీళ్ళోసినప్పుడు మీ పిన్ని ఏటంటాదే?" అని సంఘపెద్ద అడిగాడు. కంఠత వాక్యాల పోటీలో ఏటా బహుమతి నాదే. నేను నోరు తెరిస్తే మెచ్చుకోవడం వాళ్ళకు అలవాటు. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లంతా నా మొహంలోకి చూస్తోంది. వాళ్ళకు ఏ జవాబు కావాలో నాకు అర్థమైంది. "ఏదో గొణుగుతాది. మాటలు తెలవవు" అన్నాను. "పేర్దన సేసినానండి" అంది పిన్ని. ఎవరూ ఆవిడ వైపు తిరగలేదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ఆమెను దూరం పెట్టడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. మా అమ్మ కూడా ఎత్తింది.

ఆ తర్వాత ఆరేళ్ళు పిన్ని ఆఖరి బెంచీ మీద కూర్చుంది. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఆవిడ ముందు నుంచే పక్కకు పోయేది. నీళ్ళు పోయమని ఒక్క ఇల్లూ పిలవలేదు. చివరికి కొత్తవలసలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి అక్కడే కన్నుమూసింది. బయలుదేరే రోజు నా జడ వేస్తూ, "నానేటి సేసేనో నీకైనా తెలుసు గదే?" అని అడిగింది. నేను తల ఊపాను. అంతే. సంఘంలో చెప్పమని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను పిల్లలచేత వల్లె వేయించాను. అది చెప్పేటప్పుడు ఒక్కనాడూ పిన్ని గుర్తుకు రాలేదు. నన్ను నిశ్చేష్టురాలిని చేసింది ఇదే.

మేనకోడలు వెళ్ళే ముందు ఇంకొక్క పేజీ చదివింది. ఆ ఆడపిల్లల్లో ఒకామె పెద్దయ్యాక సంఘం ముందు నిలబడి, తన తప్పును పాస్టరుచేత చదివించిందట. సాతాను తనను మోసగించాడని అందులో ఉందట. పిన్ని ప్రార్థన ప్రతి మాటా విని, గొణుగుడని చెప్పిన నాకు ఆ మాట అనుకునే వీలు కూడా లేదు.

ఈ నెల మొదటి ఆదివారం అదే సంఘంలో, రొట్టె విరవక ముందు, పాస్టరుగారి అనుమతితో లేచి పిన్ని పేరు పెట్టి అంతా చెప్పాను. కొందరు ఆమేన్ అన్నారు. బయటికి వచ్చాక, చంకలో బిడ్డతో ఒక చిన్న కోడలు దగ్గరికొచ్చి, "ఆవిడెవరండి? మేమెప్పుడూ ఇన్నేదు" అంది. చుట్టూ చూశాను. ఆనాడు చేతులెత్తినవాళ్ళలో ఒక్కరూ లేరు. నా అబద్ధాన్ని నిండు సంఘం వింది. నిజం చెప్పేందుకు నేను లేచేసరికి, దాన్ని వినవలసినవాళ్ళందరినీ కాలం ఒక్కొక్కరుగా సమాధులకు చేర్చేసింది.