అంచుల్లేని తెర

మా పిన్ని పోయిందని చీరాల నుంచి ఆవిడ కొడుకు, మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, గుంటూరులో రిపేరుకొచ్చిన ఎవరిదో కంప్యూటరు విప్పుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు, నీరసం కమ్మింది. ఒక్కొక్కరే పోతుంటే ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదండీ. బస్సెక్కాక మాత్రం దారి పొడుగునా ఆవిడ గొంతే వినపడింది.

చీరల డిజైన్లు గీసి నేతవాళ్లకు ఇవ్వడం పిన్ని పని. ఇప్పటి కొన్ని మగ్గాలకు డిజైను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే చాలు. అందుకు బొమ్మల్లేని, ఉత్త అక్షరాల ప్రోగ్రాం ఒకటి వాడేది. తెర మీద రెండు వరసలు: ఎడమ పక్క ఆవిడ ఫైళ్లు, కుడి పక్క వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్. ఒక ఫైలు పేరు "కోపం హంస". కోపం దేనికి పిన్నీ అంటే, "మెడ ఎంతకీ కుదర్లేదే. నాకొచ్చిన కోపం దానికి పెట్టా" అంది.

పక్షవాతం వచ్చి తగ్గాక చూపు మందగించింది, కుడిచెయ్యి వణుకు మిగిలింది. సరిగ్గా అప్పుడే కంప్యూటరు మారింది. కొత్త ప్రోగ్రాంలో అక్షరాల చుట్టూ గీతల డబ్బాలు, రంగులు, మూలన గడియారం, అడుగున మౌస్‌తో నొక్కే మీటలు. వణికే చెయ్యి ఎక్కడ పడితే అక్కడ నొక్కేది. అలా ఒకదాని బదులు ఇంకో డిజైను వెళ్లిపోయింది. నేతాయన జానెడు నేశాక చూసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నేనడిగింది మామిడిపిందెలు గదమ్మా! ఈ హంసలేందమ్మా?"

"ఇంక చాల్లే అమ్మా, నేను చూసుకుంటాగా" అన్నాడు తమ్ముడు. ప్రేమతోనే అన్నాడు. పిన్ని ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఫోన్ చేసి, "వాడు కుర్చీ లాక్కునేలోపు రావే" అంది.

వెళ్లి ముందు మౌస్ పనిచెయ్యకుండా చేశాను. తర్వాత ఆవిడ నా పక్కన కూర్చుని, తెర మీదవి ఒక్కొక్కటీ నా చేత తీయించింది. "చీరకు అంచుంటే అందం. పేర్లకెందుకే అంచులు?" గడియారమన్నా ఉంచనా అంటే, "గోడకుందిగా" అంది. చివరికి నల్లటి తెర, పెద్ద తెల్ల అక్షరాలు మిగిలాయి. ఎడమచేత్తో పేరు కొట్టి, పైకి చదివి, ఎదుటివాళ్లు ఔనంటేనే పంపేది.

"కంటికి పని చెప్పొచ్చు గానీ, వెట్టి చెప్పకూడదే" అంది ఆ రోజు. అప్పట్నుంచీ ఏ తెర చూసినా నాకు వెట్టే కనిపిస్తోంది. పిన్ని మాత్రం పోయే ముందురోజు దాకా తన కుర్చీలోనే కూర్చుంది. అది తల్చుకుంటే మనసు కాస్త తేలికపడుతుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ నేతాయనే పెన్‌డ్రైవ్ పట్టుకుని మొహమాటంగా వచ్చాడు. తమ్ముడు కూర్చుని మౌస్ కదిపాడు. తెర మీద బాణం గుర్తు రాలేదు.

"ఇది కూడా పోయిందా అక్కా?"

"లేదురా. పేరు కొట్టు."

"ఏది కావాలి బాబాయ్?" అన్నాడు వాడు అటు తిరిగి.

"పెళ్లిచీర బాబూ. ఏది బాగుంటదో అమ్మే చదివి చెప్పేది."

తమ్ముడు కుర్చీ తెర దగ్గరకు జరుపుకున్నాడు. మౌస్ పక్కకు నెట్టి, మొదటి పేరు నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆగుతున్నాడు, మళ్లీ చదువుతున్నాడు. నేతాయన గుమ్మం పక్కన కింద కూర్చుని, కళ్లు మూసుకుని వింటున్నాడు.