తల్లినే ముందు కూర్చోబెట్టండి

జర్మనీ నీళ్ళు తాగి నేను మెత్తబడిపోయానని, అందుకే బెయిల్ ఏజెంట్ పరీక్ష రాయలేదని మా అక్క అందరికీ చెబుతుంది. నేనా, మెత్తబడటమా? మా ఇంట్లో ఎవర్నయినా అడగండి. పాఠాలన్నీ పూర్తిచేశాను, మాదిరి పరీక్షలన్నీ నెగ్గాను. నేను ఆగిపోయింది వేరేచోట.

మావారికి అమెరికా బదిలీ ఖాయమైంది. అక్కడ అక్కకు బెయిల్ ఆఫీసుంది. అరెస్టయినవాడు వాయిదాలకు తప్పక వస్తాడని కోర్టుకు పూచీపడి, వాణ్ణి జైలు నుంచి బయటికి తేవడం ఆమె వృత్తి.

"లా చదివి డ్రెస్డెన్‌లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నావు. లైసెన్స్ తెచ్చుకో, నా పక్క కుర్చీ నీదే" అంది.

ఆ కుర్చీ మీద నాకు నిజంగానే ఆశ పుట్టింది. జర్మనీలో ఇలాంటి వృత్తే లేదు. పక్కింటి జర్మన్ ఆవిడయితే "జామీను అమ్ముతారా?" అని నోరు తెరిచింది. నేను లెక్కచేయకుండా సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులో కూర్చున్నాను.

ఒకరోజు శిక్షకుడు అడిగాడు: "అరెస్టయిన కుర్రాడి తరఫున ఇద్దరొచ్చారు. మంచి జీతమున్న అన్న, చిన్న ఇల్లు తప్ప ఏమీలేని తల్లి. పూచీకి ఎవరి సంతకం తీసుకుంటారు?"

"అన్న సంతకం" అన్నాను, అందరికంటే ముందు.

"తప్పు. కుర్రాడు కోర్టు వాయిదా ఎగ్గొడతాడు. అమ్మ ఇల్లు పోతుందంటే మాత్రం వస్తాడు. తల్లినే ముందు కూర్చోబెట్టండి."

మిగతావాళ్ళంతా తలలు వంచుకుని రాసుకుంటున్నారు.

ఇంట్లో ఎవరితోనైనా సాధన చేసి రమ్మన్నాడు. చర్చిలో పరిచయమైన కాకినాడ స్నేహితురాలిని పిలిచాను. ఆవిడ కొడుకు దగ్గర్లోని కెమ్నిట్జ్ ఊళ్ళో చదువుతున్నాడు. ఉత్తుత్తి ఆటేనని ముందే చెప్పి, వంటింటి బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్నాను.

"మీ అబ్బాయి అరెస్టయ్యాడండీ. వాయిదాకు రాకపోతే మీ ఇల్లు..."

"పెన్నిటివ్వు వదినా."

"ఆగు, షరతులు చదవనీ."

"అయ్యన్నీ తర్వాత చూద్దాంలే. ఆడు అన్నం తిన్నాడో లేదో కనుక్కున్నావా?"

ఆటే అది! వాడేం చేశాడనైనా అడగలేదు. నా చెయ్యి మాత్రం అప్పటికే కాగితాన్ని ఆవిడ ముందుకు జరిపేసింది. ఆ చేతిని చూసి నేనే హడలిపోయాను.

మర్నాడు క్లాసులో అడిగాను: "తల్లి సంతకం పెట్టనంటే?"

"కాదన్న తల్లి నాకింతవరకూ తగల్లేదు" అని నవ్వి, తర్వాతి పాఠం తెరిచాడు.

పరీక్షకు తీసుకున్న తేదీ రద్దు చేసుకున్నాను. అక్క ఫోన్లో విరుచుకుపడింది.

"ఏమే, లోకంలో నీకొక్కదానికే మనసుందా?"

"అది కాదక్కా. కాదన్న తల్లి నీ ఆఫీసుకు ఒక్కర్తయినా వచ్చిందా?"

"ఎవరో వచ్చారు, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది. చేసింది కూడా, కానీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే అక్కనీ, ఆ శిక్షకుణ్ణీ ఇద్దరినీ ఇక్కడ అడుగుతున్నాను. నిజంగా ఒక్క తల్లీ కాదనలేదా, లేక కాదన్న మనిషిని మీరు తల్లుల లెక్కలోంచే తీసేశారా?