మా సారు దగ్గర దొరకని యుద్ధపు మాట

మా ఇంగ్లీషు సారు పోయారు. మొన్న బెల్లంపల్లి నుంచి వచ్చిన మా చిన్నమ్మ చెప్పులు విప్పకముందే ఆ మాట చెప్పింది. గోదావరిఖని బడిలో మాకు ఇంగ్లీషు చెప్పి, తర్వాత బదిలీ మీద బెల్లంపల్లికి వెళ్లిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. గదిలో కుర్చీ ఒక్కటే ఉండేది. పొద్దున వండిన అన్నమే రాత్రికీ తినేవారు. అంత ఒంటరి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బంగ్లాదేశ్ యుద్ధం నడిచిన చలికాలం ఆయన పాఠం పక్కనపెట్టి, రేడియోలో వినబడే ఇంగ్లీషు మాటలన్నీ బోర్డు మీద రాశారు. వార్, బ్యాటిల్, స్కర్మిష్, సీజ్, ట్రూస్. మాకు అన్నీ కొట్లాటే. ఆయన మాత్రం బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఓపిగ్గా విడదీశారు.

"దేశాలు దేశాలు తలపడేది వార్. అండ్ల ఒక్క తావున జరిగేది బ్యాటిల్. నల్లా కాడ మీ అమ్మలు చేసేది స్కర్మిష్. ఇంటికివొయ్యి వార్ అని చెప్పకున్రి, నన్ను కొడ్తరు."

కోటను చుట్టుముట్టి లోపలివాళ్లకు తిండీ నీళ్లూ అందకుండా కూర్చోవడం సీజ్ అన్నారు. ట్రూస్ అంటే కొట్లాట ఆపుకోవడం అన్నారు. "దోస్తాన్ కుదిరిందని కాదు. ఇద్దరు అలిసిపోయిన్రు, గంతే."

ఆ వారంలోనే, మేము బడిలో ఉండగా, వేళ కాని వేళ సైరన్ కూసింది. బొగ్గుబాయిలో మనిషి ఉన్న ఏ ఇంటికైనా ఆ కూత అర్థం తెలుసు. మా నాయన మొదటి షిఫ్టులో దిగి ఉన్నాడు. సారు చాక్‌పీసు పెట్టేసి నాతోపాటు నడిచారు. బాయి గేటు దగ్గర అమ్మ అప్పటికే నిలబడి ఉంది. లోపల బాయి కప్పు కూలిందని అక్కడివాళ్లు చెప్పుకుంటున్నారు.

సారు లోపలికి వెళ్లి లాంపు రూంలో అడిగి వచ్చారు. పైకి వచ్చినవాళ్లు తమ లాంపు అక్కడ అప్పజెప్పాలి. లాంపు రాలేదంటే మనిషి రాలేదన్నమాట.

"అక్కా, అబద్ధం చెప్ప. మీ ఆయన లాంపు ఇంక రాలె."

మిగతా ఆడవాళ్లు తమ మనుషులు రాగానే ఏడుస్తూ వెంటబెట్టుకుని పోయారు. చివరికి మేము ముగ్గురమే మిగిలాం. ఏదో ఒకటి మాట్లాడకపోతే నాకు భయంగా ఉంది. మా నాయన పని ఆ మాటల్లో ఏ మాట కిందికి వస్తుందని అడిగాను.

సారు నా పక్కకు వచ్చి చెప్పారు. "ఆ మాటలన్నిటికి ఎదురుంగ ఒక దుష్మన్ ఉండాలె బిడ్డా. బాయి కప్పుకు మీ నాయన మీద పగ లేదు. దీనికి నా తాన మాట లేదు."

పొద్దుగూకే వేళకు నాయనను స్ట్రెచర్ మీద తెచ్చారు. కాలు విరిగింది, ప్రాణం ఉంది. అమ్మకు అప్పుడు గాని సారు గుర్తుకు రాలేదు.

"సారూ, లోపల నీవాళ్లెవరున్నరు?"

"ఎవ్వరు లేరక్కా. అందుకే నిలవడ్డ. ఉన్నోళ్లకు లోపలికివొయ్యి అడుగుదామంటె కాళ్లు ఆడయి."

చిన్నమ్మ చెప్పిన మర్నాడే అమ్మ నన్ను వెంటబెట్టుకుని బెల్లంపల్లి బస్సెక్కింది. మేము వెళ్లేసరికి పక్కవాళ్లే దహనం చేసి వచ్చారు. గదికి తాళం వేసి ఉంది. పక్కింటామె పీట తెచ్చి వేసింది.

"సారు కోసమని వచ్చింది మీరొక్కరే అమ్మా," అంది.

అమ్మ కూర్చోలేదు. ఆ తాళం ముందర అలాగే నిలబడింది. చివరి బస్సు పోతుందని నేను రెండుసార్లు అన్నాను.

"జరసేపు నిలవడనియ్యి బిడ్డా," అంది.