పదకొండు కార్డులు తన పేరిట రాయించుకున్న మా టపా పంతులు

మొన్న మంగళవారం, కొల్లాపూర్‌లో నేను పనిచేసే బడికి మా తమ్ముడు రాసిన కార్డు వచ్చింది. "టపా పంతులు పోయిండు. మూడు రోజులు జరం. అమ్మ నిన్నటి సంది తింటలేదు." అంతే ఉంది. క్లాసు మధ్యలో నిలబడి రెండుసార్లు చదివాను. 

చిట్యాలకు నాలుగు మైళ్ల అవతల మా ఊళ్లో ఆయన బడిపంతులు. టపా పని కూడా ఆయనదే. ఉత్తరాలు వేసే ఎర్రడబ్బా ఆయన ఇంటి గోడకే ఉండేది. పొద్దున బడి చెప్పి, మధ్యాహ్నం సంచి వచ్చాక ఇల్లిల్లూ తిరిగేవారు. చదువు రానివాళ్లకు తానే చదివి పెట్టేవారు. ముందు కళ్లతో మొత్తం చదువుకొని, "అందరు మంచిగున్నరు" అని చెప్పి, ఆ తర్వాతే పైకి చదివేవారు. ఆ ఒక్క మాట కోసం మా వాడలో ఆడవాళ్లు ఆయన నోటివైపే చూస్తూ నిలబడేవాళ్లు.

మా నాయిన అప్పుడు నందికొండలో ఆనకట్ట కడుతుంటే రాతిపనికి పోయాడు. నెలకు రెండు కార్డులు రాసేవాడు. అంతకుముందెప్పుడో ఏదో టానిక్కు కంపెనీ క్యాలెండరు ఊరికే పంపుతామంటే పేరూ ఊరూ రాసి పంపాడట. ఆ పేరు ఎన్ని చేతులు మారిందో గానీ, బలం మందులవాళ్లు, జుట్టు నూనెలవాళ్లు, జాతకాలు చెప్పేవాళ్లు అందరూ మా ఇంటికి కాగితాలు పంపడం మొదలుపెట్టారు. అమ్మకు చదువు రాదు. వాకిట్లో పంతులు గొంతు వినబడితే ఆమె చేతిలో చేట ఆగిపోయేది. లిఫాఫా విప్పి, అది జుట్టు నూనెవాళ్ల కాగితమని తేలేదాకా మళ్లీ చెరగడం మొదలుపెట్టేది కాదు. వారానికి రెండుసార్లు అదే వరస.

నాకు పన్నెండేళ్లప్పుడు, ఎండాకాలం మొదట్లో, నాయిన దగ్గరి నుంచి కార్డు రాక ఇరవై రోజులు దాటింది. అప్పుడే ఎవరు రాశారో తెలియని కార్డొకటి వచ్చింది. ఆ రోజు పంతులు బడి పని మీద నల్లగొండ పోయారు. ఆయన భార్య తెచ్చి ఇస్తే నేనే చదివాను. దేవుడి పేరుతో మొదలైంది. ఇది అందినవాళ్లు తొమ్మిది రోజుల్లో ఇలాంటివే పదకొండు రాసి పంపాలట. చింపేసిన ఒకామెకు పసుపు కుంకుమలు దక్కలేదట. ఆ ముక్క దగ్గర ఆగాను. అమ్మ మిగిలింది చదవమంది. చదివాను. పంతులైతే ఆ ముక్క మింగేసి ఉండేవారని, చదివిన తప్పు నాదేనని చాలా ఏళ్లు బాధపడ్డాను.

మర్నాడు అమ్మ నన్ను కూర్చోబెట్టి పదకొండు కార్డులు రాయించింది. గుర్తొచ్చిన ఇళ్ల పేర్లన్నీ చెప్పింది. నేనే తీసుకుపోయి డబ్బాలో వేసి వచ్చాను.

మధ్యాహ్నం పంతులు ఆ కట్ట పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఇంకా ముద్ర వేయలేదు. అరుగు మీద కూర్చుని, డబ్బాలో పడిన కార్డును ఆపే హక్కు తనకు లేదని, రాసినవాళ్లు అడిగితేనే వెనక్కి ఇవ్వగలనని చెప్పారు. తర్వాత పేర్లు చదివారు. ఆ పదకొండు ఇళ్లలో నాలుగిళ్ల మగవాళ్లు నాయినతో పాటే నందికొండలో ఉన్నారు.

"నీకు పట్టిన భయం గా ఇండ్లకు గూడ పంపుతవా అమ్మా?" అన్నారు.

అమ్మ తల ఎత్తలేదు. "రాయకుంటె, గాయనకేమన్న అయితె ఎవరు జిమ్మేదారి పంతులూ?"

ఆయన ఒక కార్డు తీసి మళ్లీ చదివారు. కార్డులను అటూ ఇటూ తిప్పారు.

"పదకొండు రాయమన్నది. రాసినవ్. గవి వేరు వేరు మందికే పోవాలని కార్డుల లేదు. పదకొండూ నా పేరు మీద మార్పియ్యి."

"మీకేమన్న అయితె?"

"నాది నేను చూసుకుంట."

అడ్రసులన్నీ కొట్టేసి పదకొండింటి మీదా ఆయన పేరే రాశాను. ఆయన తానే ముద్ర వేసి, తానే పుచ్చుకున్నారు. ఎవరికీ ఒక్కటీ రాయలేదు.

ఆరో రోజున ఆయనకు జ్వరం వచ్చింది. అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆయన ఇంటి దాకా పోవడం, గడప ముందు నిలబడి తిరిగి రావడం. నేను చంపుతున్న, నేను చంపుతున్న అని తనలో తనే అనుకునేది. ఎనిమిదో రోజున ధైర్యం చేసి లోపలికి పోయి, కార్డులు ఇచ్చేస్తే మళ్లీ ఊరందరికీ రాయిస్తానని బతిమాలింది. ఆయన మంచం మీది నుంచే వద్దని చెయ్యి ఊపారట.

పదో రోజు పొద్దున గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని, ఆయన మా వాకిట్లోకి వచ్చారు. "ఉన్ననమ్మా," అన్నారు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

ఇంకో రెండు రోజులకు నందికొండ నుంచి కార్డు వచ్చింది. చేతిరాత నాయినది కాదు. పంతులు మనసులో చదువుకుంటుంటే అమ్మ ఆయన నోటివైపే చూసింది. ఈసారి ఆయన ఎప్పటి మాట చెప్పలేదు. "పానానికేం లేదు," అన్నారు. బండరాయి జారి నాయిన కుడిచెయ్యి రెండు వేళ్లు నలిగాయి. దవాఖానలో ఉన్నాడు. రాయించడానికి మనిషి దొరకక ఆలస్యమైంది. చూసిన్రా, గా కార్డే పట్టుకున్నది అంది అమ్మ. ఆయన వేలితో తారీఖు చూపించి, నిదానంగా లెక్క చెప్పారు. వేళ్లు నలిగింది ఆ పాడు కార్డు మా ఇంటికి రాకముందు పది రోజులకు. అమ్మ ఆ లెక్క మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ నెలలోనే ఆయన అమ్మకు ఒక్క మాట రాయడం నేర్పారు: వద్దు. అడగని కాగితం వస్తే విప్పకుండా దాని మీద ఆ మాట రాసి తన సంచిలోనే వెయ్యమన్నారు, వచ్చిన చోటికే వాపసు పోతుందన్నారు. ఆ కంపెనీలకు నాయిన పేరు కొట్టేయమని నాతో కార్డులు రాయించారు. బెదిరించే కార్డు ఎవరింటికి వచ్చినా తన దగ్గరికి తెమ్మని వాడవాడా చెప్పి వచ్చారు. వానలు పడేనాటికి మా ఇంటికి నాయిన కార్డులు తప్ప వేరేవి రావడం దాదాపు ఆగిపోయింది. పంతులు గొంతు వినబడితే అమ్మ చేతిలో చేట ఆగడం మాత్రం పూర్తిగా పోలేదు.

టీచరు పని దొరికాక ఒకసారి అడిగాను, ఆ తొమ్మిది రోజులు మీకు భయం కాలేదా అని.

"కాకుంటె దినాలెందుకు లెక్కపెడుత బిడ్డా?" అన్నారాయన.

పోయిన వేసవిలో చివరిసారి చూశాను. టపా పని అప్పటికే వేరే అతనికి ఇచ్చేశారు. అతను సైకిలు మీద వచ్చి, కార్డులు విసిరినట్టు ఇచ్చి వెళ్లిపోయేవాడు. గంట వినబడగానే పంతులు తన గడప మీదికి వచ్చి నిలబడ్డారు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, కార్డు అందిన ప్రతి ఇంటివైపూ చూస్తున్నారు. మూడిళ్ల అవతల ఒకామె కొడుకుతో చదివించుకుంటోంది. ఎండ ఆయన పాదాల మీదికి వచ్చింది. ఆమె చదివించుకొని, కార్డు మడిచి కొంగున ముడి వేసుకొని, నవ్వుకుంటూ లోపలికి పోయాక గానీ ఆయన కూర్చోలేదు.