రెప్పలక్క కాపలా

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆఫీసులో దాన్ని పలికేవాళ్ళు లేరు. అందరికీ ఆమె ‘రెప్పలక్క’. అంతా కళ్ళ డాక్టరు పుణ్యం.

“తెర చూస్తూ చూస్తూ రెప్ప వేయడమే మర్చిపోతున్నారమ్మా మీరు. కంట్లో తడి ఆరిపోతోంది. మధ్యమధ్య దూరంగా చూడండి. రెప్పలు పూర్తిగా మూసి తెరవండి,” అన్నాడాయన. మర్నాటి నుంచి ఆమె పనిగట్టుకుని రెప్పలార్పడం మొదలుపెట్టింది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? “అక్కా, ఆ కన్ను కొట్టడం నాకేనా, నా వెనకున్న గోడకా?” అని పక్క కుర్చీవాడు ఒకటే ఆటపట్టించడం. “నీకంటే గోడే నయంలే,” అనేది ఆమె.

ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లో పరీక్ష రాసేవాళ్ళను కెమెరాలో కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. తెర నిండా గళ్ళు, గడికొక ముఖం. ఎవరు పక్కకు చూశారో, ఎవరి పెదవులు కదిలాయో కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. పైనుంచి ఏసీ గాలి తిన్నగా ముఖానికే కొడుతుంది. మధ్యాహ్నానికల్లా కళ్ళలో ఇసుక పోసినట్టు ఒకటే గరగర. “ఇంట్లో కూడా అలా గుడ్లురిమి చూస్తావేంటే, నేనేం కాపీ కొట్టాను?” అంటాడు మొగుడు. నవ్వొస్తుంది, మంటా పుడుతుంది.

అంతకుముందు ఆమె బడిపంతులమ్మ. బడి మూతపడ్డాక ఇందులో చేరింది. అప్పుడూ పరీక్షలకు కాపలా కాసింది. కానీ అప్పుడు బల్లల మధ్య తిరిగేది. ఏ పిల్లయినా తెల్లమొహం వేస్తే దగ్గరికెళ్ళి, “ఏమైందమ్మా?” అని అడిగి మంచినీళ్ళు ఇచ్చేది. ఇక్కడ అడగడానికి నోరేదీ? వాళ్ళ మాట ఈమెకు వినబడుతుంది, ఈమె మాట వాళ్ళకు వినబడదు. కంపెనీవాళ్ళు ముందే రాసిపెట్టిన వాక్యాలు కొన్నున్నాయి. మీట నొక్కితే అవి అవతలి తెర మీద పడతాయి. వాటిలో “ఏమైందమ్మా” లేదు.

ఆ ఉదయం ఒక గడిలోకి ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. కళ్ళు రెండూ జేవురించి ఉన్నాయి. గుర్తింపు కార్డు చూపిస్తూనే, అవతల ఎవరున్నారో తెలియకపోయినా, తన గోడు వెళ్ళబోసుకుంది. “ఏడాదంతా ఫోన్లోనే చదివానండీ. కళ్ళు ఎండిపోయాయన్నారు డాక్టరు. ఈ చుక్కల సీసా పక్కన పెట్టుకోవచ్చాండీ? ఇదే నా ఆఖరి ఛాన్సు. వచ్చే ఏడాదికి ఈ ఉద్యోగానికి వయసు దాటిపోతుంది.”

రెప్పలక్క కీబోర్డు పక్కన కూడా అలాంటి సీసానే ఉంది. పెట్టుకో తల్లీ అని మనసు కొట్టుకుంది. కానీ రూలు ఒప్పుకోదే! మీట నొక్కింది: ‘బల్ల మీది వస్తువులు తీసివేయండి.’ “సరేనండీ,” అంటూ ఆ పిల్ల సీసాను ఎక్కడో దూరంగా పెట్టి వచ్చింది.

పరీక్ష సగంలో ఆ అమ్మాయి కిటికీ వైపు చూడసాగింది. చూసి, రెప్పలు గట్టిగా మూసి తెరిచి, మళ్ళీ రాసుకుంటోంది. కాసేపటికి మళ్ళీ కిటికీ. ఎందుకో రెప్పలక్కకు ఒకరు చెప్పాలా? డాక్టరు ఆమెకు చెప్పిందీ అదే కదా! కానీ ఆమెతో పాటు ఆ ముఖాలను కనిపెట్టే యంత్రానికి అవి పక్కచూపులు. గడి చుట్టూ ఎర్రగీత వెలిగింది.

ఆమె చెయ్యెత్తి సూపర్‌వైజరును పిలిచింది. “సార్, ఈ అమ్మాయి కాపీ కొట్టడం లేదు. కళ్ళ బాధ.”

“నిజమే కావచ్చక్కా. హెచ్చరిక పంపకపోతే మాట మీ మీదికొస్తుంది. పంపితే ఆ పిల్లే జాగ్రత్త పడుతుంది.”

అదీ నిజమేననిపించింది. జాగ్రత్త పడితే గట్టెక్కుతుంది కదా అని ఆమె మీట నొక్కింది: ‘దయచేసి తెర వైపే చూడండి. ముఖం కనబడకపోతే పరీక్ష రద్దవుతుంది.’

మంచికి పోతే చెడు ఎదురైంది. పాపం, ఆ పిల్ల హడలిపోయింది. ఇక కిటికీ వైపు చూస్తే ఒట్టు. రెప్ప వేయడానికి కూడా భయపడి, గుడ్లప్పగించి తెరనే చూస్తూ కూర్చుంది. ఎండిన కన్ను ఎంతకని ఓర్చుకుంటుంది? ధారలుగా కారడం మొదలైంది. బుగ్గల మీదుగా గడ్డం దాకా.

“తుడుచుకోకు తల్లీ! చేతులు పైకి తేవద్దు!” రెప్పలక్క గట్టిగానే అరిచింది. హాలంతా ఇటు తిరిగింది, ఆ పిల్ల తప్ప.

ఆ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుని కళ్ళు నలుపుకుంది. నలిపి నలిపి చేతులు దించేసరికి, ముఖం కనబడలేదని యంత్రం పరీక్షను మూసేసింది.

“అయ్యో, ఇదేంటండీ? నేనేం చేశాను? కళ్ళే కదండీ తుడుచుకున్నాను! అండీ... ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నానమ్మా,” అంది రెప్పలక్క. గడి నల్లబడిపోయింది.

సూపర్‌వైజరు వచ్చి భుజం పక్కన నిలబడ్డాడు. “మీరు ముందే హెచ్చరించారు, మంచి పని చేశారక్కా. మన మీదికేమీ రాదు.”

“ఆ పిల్ల తప్పు చెయ్యలేదు సార్. నేనే బెదరగొట్టాను. తిరిగి రాయించే దారేమైనా ఉందా?”

“మన చేతుల్లో ఏముందక్కా? నా కళ్ళూ అంతే మండుతున్నాయి,” అంటూ అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తర్వాతి బ్యాచ్ వచ్చేస్తోంది, చూడండి.”

రెప్పలక్క తెర వైపు తిరిగింది. సీసా తీయించింది తను. భయపెట్టింది తను. పిలిస్తే పలకలేకపోయిందీ తనే.

నల్లబడిన గడి మళ్ళీ వెలిగింది. ఈసారిది వేరే పరీక్ష. నడివయసు మనిషి, జుట్టు నెరిసింది. గుర్తింపు కార్డు చూపించి, దాన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి ఒక చిన్న సీసా తీసి కార్డు పక్కనే పెట్టుకున్నాడు. కళ్ళు పులుముకుంటూ కెమెరాలోకి చూసి, “నమస్కారమండీ, కళ్ళలో వేసుకునే చుక్కలు. పరవాలేదా?” అని అడిగాడు.

రెప్పలక్క వేలు మీట మీద ఉంది. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. వెనక నుంచి సూపర్‌వైజరు, “అక్కా, వస్తువులు,” అని గుర్తుచేశాడు.

ఆమె నొక్కింది.